మలిముద్ర: వేలెడు ఇనుప అచ్చు చెప్పే చరిత్ర

టంకశాల దాటి, చేతులు మారి, అరిగిన నాణెంపై మరొక అధికారం చిన్న ఇనుప అచ్చుతో కొట్టించిన గుర్తును మలిముద్ర అనవచ్చు. పాత నాణేలన్నిటినీ కరిగించి కొత్తవి ముద్రించాలంటే కొలిమి, బొగ్గు, తూకం తెలిసిన పనివారు కావాలి. మలిముద్రకైతే వేలెడంత అచ్చు, దాకలి, సుత్తి ఉంటే చాలు. అచ్చు కొనపై అక్షరాన్నో బొమ్మనో తిరగేసి లోతుగా చెక్కి, నాణేన్ని దాకలిపై పరిచి ఒక్క దెబ్బ వేస్తే, చిన్న గుంట నడుమ ఆ గుర్తు ఉబ్బెత్తుగా లేస్తుంది. దాకలికి ఆనిన వెనుకవైపు సరిగ్గా అదే చోట బొమ్మ అణగి చదునవుతుంది. ఈ చదును ఉన్నందువల్లే, ముందువైపు గుర్తు పూర్తిగా అరిగిపోయిన నాణెంపై కూడా ఒకప్పుడు దెబ్బ పడిందని పరిశోధకులు పసిగట్టగలుగుతారు.

రోమన్ సామ్రాజ్యపు తూర్పు రాష్ట్రాల్లో నగరాలు తమ కంచు నాణేలను తామే ముద్రించుకునేవి గనుక, ఈ అచ్చుకు అక్కడ పని ఎక్కువగా ఉండేది. క్రీ.శ. 70లో జెరూసలేం పతనమయ్యాక అక్కడ విడిది చేసిన పదవ సైనిక దళం, బొమ్మ ఆనవాలు లేకుండా అరిగిన నాణేలపై తన పేరు పొడి అక్షరాలను, అడవిపంది బొమ్మను కొట్టి వాటిని మళ్లీ చలామణిలోకి తెచ్చింది. పడమట జర్మనీలో క్రీ.శ. 7 నుంచి 9 వరకు సేనాధిపతిగా ఉన్న వారస్ పేరులోని మూడు అక్షరాలు కొట్టిన రాగి నాణేలు కాల్‌క్రీజె తవ్వకాల్లో బయటపడ్డాయి. అతని మూడు దళాలు నశించిన యుద్ధరంగం అదేనని చెప్పే ఆధారాల్లో, రెండేళ్ల వ్యవధికి మించని ఈ గుర్తు ఎంతో విలువైనది.

ఈ పనితనం మన నేలకు కొత్త కాదు. కోరుట్ల, జగిత్యాలలకు తూర్పున గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలలో దొరికిన విద్ధాంక నాణేలు, అంటే వెండి బిళ్లపై ఒక్కొక్క గుర్తును వేరువేరు అచ్చుతో కొట్టి చేసినవి, ఈ పద్ధతికి పూర్వరూపాలే. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో 1,531 రోమన్ వెండి నాణేలు దొరకగా, వాటిలో కొన్నింటిపై ఈ విద్ధాంక గుర్తులను పోలిన అతి చిన్న మలిముద్రలు కనిపిస్తాయి. సముద్రం దాటి వచ్చిన చక్రవర్తి ముఖాన్ని ఇక్కడివారు తమ కంటితో పరీక్షించి, తమ అచ్చుతో అంగీకరించారని అనుకోవడం సబబు. మొగలుల, కంపెనీవారి రూపాయలపై సరాఫులు కొట్టిన గుర్తులు కూడా ఇదే అలవాటుకు వారసులు. అటువంటి నాణేన్ని గాయపడినదిగా ఎంచి పక్కన పెట్టే సేకర్తలు దాని రెండవ జీవితాన్ని పోగొట్టుకుంటున్నారు.

శాతవాహనులు చిన్న అచ్చుతో సరిపెట్టుకోలేదు. 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తంబిలో దొరికిన 13,250కి పైగా వెండి నాణేలు క్షహరాత రాజు నహపానుడివి కాగా, వాటిలో తొమ్మిది వేలకు మించి గౌతమీపుత్ర శాతకర్ణి తన పూర్తి అచ్చులతో తిరిగి ముద్రించినవి. దీనిని మలిముద్ర అనడం కంటే పునర్ముద్రణ అనడమే సరైనది. ఒకవైపు మూడు వంపుల కొండ, రాజు పేరు, మరోవైపు ఉజ్జయిని చిహ్నం కొట్టారు. అయినా పాత ముద్ర పూర్తిగా చెరిగిపోలేదు. ఎన్నో నాణేలపై కొండ వంపుల పక్కగా నహపానుడి ముఖం ఈనాటికీ పొడుచుకువచ్చి కనిపిస్తుంది.