మిషను ఎక్కడ పెట్టుకున్నావ్?

‘ఫాల్ వేయడం అయిపోయిందా వదినా?’

‘ఎక్కడ... పాప పరికిణీకి కుచ్చులు పెడుతూ కూర్చున్నా. నీ నైటీ ఎంతవరకూ వచ్చింది?’

‘చేతులు అతికించాలి. సరిగ్గా అప్పుడే దారం అయిపోయింది!’

మధ్యాహ్నం భోజనాలయ్యాక, పిల్లలు బడి నుంచి వచ్చేలోపు... ఆ కాస్త సమయంలో పల్లెలో వీధి అరుగు మీదైనా, పట్నంలో అపార్ట్‌మెంటు మెట్ల దగ్గరైనా వినిపించే మాటలివి. ఇంట్లో కుట్టు మిషను ఉన్న ఇద్దరు ఆడవాళ్లు కలిస్తే కూరేం వండారన్నది తర్వాతి సంగతి. ఇప్పుడేం కుడుతున్నావన్నదే మొదటి ప్రశ్న. ఇల్లు మారినవాళ్లకైతే ఇంకో ప్రశ్న తప్పదు... ‘మిషను ఎక్కడ పెట్టుకున్నావ్?’

అడగాల్సిన ప్రశ్నే. వంటిల్లు ఆగ్నేయంలో, దేవుడి గది ఈశాన్యంలో అంటూ ఇంట్లో ప్రతిదానికీ ఓ మూల చూపించే వాస్తు పండితులు కుట్టు మిషను జోలికి రారు. బిల్డరు గీసిన ప్లానులో వాషింగ్ మెషీనుకి కుళాయితో సహా చోటుంటుంది, చెప్పుల స్టాండుకీ ఉంటుంది. దీనికి ఉండదు. ఇంటిల్లిపాది బట్టలూ దాని మీదే బాగుపడతాయి. దాని చోటు మాత్రం ఎవరికి వారు వెతుక్కోవాల్సిందే.

కిటికీ పక్క సీటు

పాత పెంకుటిళ్లలో మిషనుకి మంచి మర్యాదే ఉండేది. ముందు వసారాలోనో, నడవలో కిటికీ పక్కనో వేసేవారు. కారణం వెలుతురు. మిషను ముందు కూర్చుంటే చక్రం కుడిచేతి వైపు, సూది ఎడమ వైపు ఉంటాయి. అందుకే ఎడమ నుంచి పగటి వెలుగు పడితే చేతి నీడ కుట్టు మీద పడదు. నల్ల బట్ట మీద నల్ల దారంతో కుట్టేవాళ్లకి ఆ కిటికీ విలువ తెలుస్తుంది.

ఆ తర్వాత ఇంట్లోకి ఒక్కొక్కటే వచ్చాయి. టీవీ వచ్చినప్పుడు మిషను హాల్లోంచి పడగ్గదిలోకి జరిగింది. కంప్యూటర్ బల్ల రాగానే అక్కణ్నుంచి వెనక వరండాకి. రెండు పడగ్గదుల ఫ్లాటుకొచ్చేసరికి బాల్కనీలో, ఆరేసిన బట్టల కిందికి. వాన జల్లు పడకుండా పైన ఓ ప్లాస్టిక్ షీటు! అదీ కుదరనివాళ్లు కాళ్లూ స్టాండూ తీసేయించి, పైభాగానికి చెక్క పెట్టె చేయించి మంచం కిందికి తోసేశారు. కుట్టాలనుకున్న రోజు బయటికి లాగి, డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుని, రాత్రి కంచాలు వేసేలోపు మళ్లీ సర్దేయాలి. సగం కుట్టిన జాకెట్టుని అలాగే వదిలేసి లేవగలిగే చోటు ఉండటమే ఇల్లాలికి అసలైన సౌకర్యం. అది లేకే చాలామంది మిషను ఉండీ కుట్టడం మానేస్తారు. ఓపిక లేక కాదు, తీసి పెట్టుకోలేక.

ఇక కటింగు. దానికి ఇంట్లో ఒకే ఒక్క పెద్ద బల్ల ఉంటుంది... నేల! చాప పరుచుకుని, మోకాళ్ల మీద వంగి గీతలు గీయాలి. యాభై దాటాక మోకాళ్లు ఒప్పుకోక డబుల్‌కాట్ మీదికి మారతారు. బట్టతోపాటు కింది దుప్పటినీ కత్తిరించేసిన ఘనత ఎందరి ఖాతాలోనో ఉంటుంది కానీ, ఆ సంగతి ఏళ్లు గడిస్తేగానీ బయటికి రాదు.

అపార్ట్‌మెంట్లలో మరో చిక్కు. రాత్రి తొమ్మిది దాటాక తొక్కితే ఆ చప్పుడు కింది ఫ్లాటు వాళ్ల నెత్తిన మోగుతుంది. స్టాండు కాళ్ల కింద పాత రబ్బరు చెప్పుల ముక్కలు పెడితే చాలావరకూ తగ్గుతుందట. ఒకరు కనిపెట్టిన ఈ ఉపాయం మెట్ల దగ్గర కబుర్లలోనే నాలుగు ఫ్లాట్లకీ పాకుతుంది.

గాంధీగారి మినహాయింపు

యంత్రాలంటే గిట్టదని పేరుపడ్డ గాంధీజీ కుట్టు మిషనుని మాత్రం వెనకేసుకొచ్చారు. 1924లో శాంతినికేతన్ విద్యార్థి రామచంద్రన్ ఆయన్ని యంత్రాల గురించి నిలదీశారు. మనిషి కనిపెట్టిన కొద్దిపాటి పనికొచ్చే వస్తువుల్లో ఇదొకటని గాంధీజీ మెచ్చుకున్నారు. భార్య చేత్తో కుడుతూ పడుతున్న శ్రమ చూడలేక, ఆమె మీది ప్రేమతోనే సింగర్ దీన్ని తయారుచేశాడన్న కథనీ చెప్పారు. మరి ఆ మిషన్లు చేయడానికి ఫ్యాక్టరీ కావాలి కదా అని ఆ కుర్రాడు మళ్లీ అడిగితే, అలాంటివి ప్రభుత్వం చేతిలో ఉండాలన్నారు.

ప్రేమకథ బాగానే ఉంది. చరిత్రే కాస్త అడ్డం వస్తోంది. అమెరికాలో ఎలియాస్ హోవే 1846లోనే పేటెంటు తీసుకున్నాడు. 1851లో పేటెంటు పొందిన ఐజాక్ సింగర్ తర్వాత ఆయనతో కోర్టుకెక్కి, ఓడి, రాయల్టీ కట్టాడు. సంసారాల విషయానికొస్తే సింగర్‌ది ఒకటి కాదు, చాలా. అయితే ఒక పని ఆ కంపెనీ నిజంగానే ఇల్లాళ్ల కోసం చేసింది. 1850ల్లోనే మిషనుని వాయిదాల మీద అమ్మింది. నెలనెలా కట్టుకుంటూ ఇంటికి తెచ్చుకునే వస్తువు అదయింది.

మన దేశంలో 1930ల్లో కలకత్తా జయ్ ఇంజినీరింగ్ వర్క్స్ నుంచి స్వదేశీ మిషను వచ్చింది. లాలా శ్రీరామ్ దానికి కూతురి పేరే పెట్టారు. అదే ఉషా. ఆ నల్లటి శరీరం, బంగారు రంగు అక్షరాలు, ఇనప పాదం... పెళ్లప్పుడు పుట్టింటివారు ఇచ్చిన సామాన్లలో మంచం, బీరువా తర్వాత చెప్పుకోదగ్గది అదే. ఇప్పుడు ఆ ఇనప స్టాండ్ల మీద గాజు పలక వేసి హోటళ్లలో బల్లలుగా వాడుతున్నారు. చూడ్డానికి బాగానే ఉంటాయి. ఒకప్పుడు దాన్ని తొక్కినవాళ్లు మాత్రం ఆ బల్ల ముందు కూర్చోగానే కాలు కింద పెట్టి ఊపి చూస్తారు.

ఆది జాకెట్టు మహిమ

ఇప్పుడు చేతిలో ఏముంది? ఈ ప్రశ్నకి తెలుగిళ్లలో పదింట ఆరేడుసార్లు వచ్చే జవాబు జాకెట్టే. ఆరు గజాల చీర కట్టుకోవడానికి కుట్టే అక్కర్లేదు, దాని మీదికి ముప్పావు మీటరు గుడ్డలో కుట్టే జాకెట్టు మాత్రం నెలలు నేర్చుకున్నా ఓ పట్టాన లొంగదు. చంక దగ్గర ముడతలు, వీపున జారే మెడ, చెయ్యెత్తితే పైకి లేచే నడుం పట్టీ... ఎన్నని! ఇంట్లో కుట్టుకునేవారు ఇష్టపడే ‘క్రాస్ కటింగ్’లో మర్మమంతా గుడ్డని ఏటవాలుగా కత్తిరించడంలో ఉంది. నిలువు, అడ్డం పోగుల వెంబడి లాగితే బట్ట సాగదు. మూలగా లాగితే సాగుతుంది. ఆ సాగుడే ఒంటికి అమరేలా చేస్తుంది. దీనికి గుడ్డ కాస్త ఎక్కువ పడుతుంది కాబట్టి చీరతో వచ్చిన ముక్క సరిపోక చేతులకి అతుకులు వేయాల్సి వస్తుంది. ఆ అతుకు చంక కిందికి వెళ్లేలా చూసుకోవడం అనుభవం మీద పట్టుబడే విద్య.

కొలతలకి టేపు ఉన్నా అందరూ నమ్మేది ఆది జాకెట్టునే. సరిగ్గా కుదిరిన ఒక్క జాకెట్టుని దాచుకుని, దాన్నిబట్టే మిగిలినవన్నీ కుట్టుకోవడం. ఆది అలాగే ఉంటుంది, మనిషే మారుతుంది. పదేళ్ల కిందటి ఆదిని పట్టుకుని, ఈసారెందుకో బిగుతైందని మిషనుని తిట్టుకునేవాళ్లూ ఉన్నారు. తెలిసినవాళ్లు పక్క కుట్ల లోపల అంగుళం బట్ట వదిలి, మూడు వరుసల కుట్టు వేస్తారు. అవసరాన్నిబట్టి ఒక్కో వరుసా విప్పుకోవచ్చు.

నేర్చుకునేవాళ్లు ముందు కత్తిరించేది బట్టని కాదు, దినపత్రికని. పేపరు మధ్య పేజీ విప్పితే ముందు భాగం, వెనక భాగం రెండూ పడతాయి. వార్తల మీద చంక వంపు గీసి, కత్తిరించి, పిన్నులు పెట్టి చూసుకుంటారు. ఈ పద్ధతి యూట్యూబులో చూసి నేర్చుకునే ఈ రోజుల్లోనూ మారలేదు. ఇంట్లో మగవాళ్లు చదవకముందే పేపరు పనిలోకి వెళ్లిపోతేనే గొడవ.

జాకెట్ల తర్వాతి స్థానం ఆడపిల్లల పట్టు పరికిణీది. అమ్మమ్మ కంచిపట్టు చీర నలిగితే, జరీ అంచు గట్టిగా ఉందో లేదో చూసి మనవరాలికి లంగా కుడతారు. ఎదిగే పిల్ల కాబట్టి అంచు పైన లోపలికి రెండు మడతలు వేసి ఉంచుతారు. ఏడాదికో మడత విప్పితే మూడో సంక్రాంతికీ అదే పరికిణీ! నారాయణపేట, మంగళగిరి నూలు చీరలకీ ఇదే దారి. నూలుబట్టని కత్తిరించే ముందు నీళ్లలో నానబెట్టి ఆరేయడం మాత్రం మరవకూడదు. కుట్టాక కుంచించుకుపోతే చేసేదేమీ లేదు. ముదురు రంగుల కలంకారీకి ఈ స్నానం మరీ అవసరం, రంగు దిగుతుందో లేదో కూడా అప్పుడే తేలిపోతుంది.

మిగిలిన ముక్కలు? దిండు గలీబులు, కూరల సంచులు, గుమ్మానికి తోరణాలు. మెత్తబడ్డ నూలు చీరలన్నీ బొంతలోకి. బొంత మందానికి ఇంటి మిషను సూది నిలవదు. అందుకే అది ఇప్పటికీ నేల మీదే. నాలుగైదు చీరలు పొరలుగా పరిచి, నలుగురూ నాలుగు వైపులా కూర్చుని పొడుగు కుట్లు వేసుకుంటూ మధ్యలోకి వస్తారు. అసలు కబుర్లన్నీ అక్కడే!

మొరాయిస్తే...

కింద దారం ఉండలు కడితే అందరూ బాబిన్ని అనుమానిస్తారు. తప్పు సాధారణంగా పైన ఉంటుంది. పై దారం బిగింపు పలకల మధ్య సరిగ్గా కూర్చోకపోయినా, పైకీ కిందికీ ఆడే కొక్కెంలోంచి తప్పిపోయినా అడుగున అల్లుకుపోతుంది. మొత్తం తీసి మళ్లీ దారం ఎక్కిస్తే సగం జబ్బులు నయం. సూదికీ నంబరు ఉంది. మామూలు నూలుకి 14, పల్చటి పట్టుకీ షిఫాన్‌కీ 11, జీన్స్ పాంటు అంచు మడవాలంటే 16. ఒకే సూదితో అన్నీ కుట్టి, అది విరిగేదాకా మార్చకపోవడం మన ఇళ్లలో ఎక్కువ. మొద్దుబారిన సూది పట్టుబట్ట పోగుల్ని లాగేస్తుంది.

నూనె దగ్గర మరో పొరపాటు. చేతికందిందని కొబ్బరి నూనె వేస్తే అది చలికాలంలో గడ్డకట్టి, దుమ్ము పట్టి మిషను బరువెక్కుతుంది. మిషను నూనే వేయాలి. ఇప్పటికే పట్టేసిందంటే మెకానిక్ వచ్చి కిరోసిన్‌తో కడగాల్సిందే. మోటారు పెట్టుకున్నవాళ్లకి కాళ్ల నొప్పి తగ్గింది, వేగం పెరిగింది. కరెంటు పోతే మాత్రం బెల్టు మార్చుకుని తొక్కే వీలున్న పాత స్టాండుదే పైచేయి. అమెరికా వెళ్లే కూతురి కోసం మోటారు మిషను సర్దాలనుకునే అమ్మలు ఒకటి గుర్తుంచుకోవాలి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. ఇక్కడి మోటారు అక్కడ పనిచేయదు. అందుకే సూట్‌కేసుల్లో మిషన్ల బదులు కుట్టిన జాకెట్లే వెళుతుంటాయి.

ఇవన్నీ దాచుకునే ఖజానా బిస్కెట్ల డబ్బా. మూత తీస్తే దారపు రీళ్లు, హుక్సు, విరిగిన చాక్‌పీసు, ఏ చొక్కావో తెలియని గుండీలు. దీపాలు పెట్టాక సూది ఎరువు అడగకూడదని పెద్దవాళ్ల పట్టింపు. అందుకే ప్రతి ఇంట్లోనూ సొంత సూదుల పొట్లం ఉంటుంది. దసరాకి ఆయుధపూజలో మిషనుకీ పసుపు కుంకుమ పెట్టి, ఆ ఒక్కరోజూ సెలవిస్తారు.

లెక్కలోకి రాని కూలి

2020లో మాస్కులు దొరక్క దేశం అల్లాడినప్పుడు మంచం కింది మిషన్లన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి. పాత నూలు చీరలు మూడు పొరల మాస్కులయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో మనిషికి మూడేసి మాస్కుల చొప్పున పంచాలని ప్రభుత్వం తలపెడితే, వాటిని కుట్టింది స్వయం సహాయక బృందాల మహిళలు. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 చేతివృత్తుల జాబితాలో దర్జీ పనినీ చేర్చింది. శిక్షణ, పనిముట్ల కోసం 15 వేల రూపాయల దాకా సాయం ఉన్నాయి. ఆ పథకం కుట్టుపనినే వృత్తిగా చేసుకున్నవాళ్లకి. ఇంట్లో కుట్టే ఇల్లాలు ఏ జాబితాలోనూ ఉండదు.

ఆమె కూలి లెక్క వేసేవాళ్లూ లేరు. లైనింగు జాకెట్టు బయట కుట్టిస్తే ఇవాళ చాలా పట్టణాల్లో కాటన్ చీర ఖరీదుకి దగ్గరగా అవుతోంది. ఏడాదికి పది జాకెట్లు, చీరలకి ఫాల్స్, పిల్లల యూనిఫారం గుండీలు, పాంట్ల పొడవు తగ్గించడం... అన్నీ కలిపితే ఇంటి ఖర్చులో కనిపించే మొత్తమే. మన సినిమాలు మిషను కుట్టి కొడుకుని చదివించిన తల్లిని ఎన్నోసార్లు చూపించాయి. అన్నం పెట్టే మిషనుకి ఆ గౌరవం దక్కింది. ఖర్చు మిగిల్చే మిషనుకి దక్కలేదు. పైగా ‘ఖాళీగానే ఉన్నావు కదా, ఈ ఫాల్ కాస్త వేసి పెట్టవూ’ అంటూ వచ్చే చీరలు. పక్కింటి వదినకి డబ్బులు చెప్పాలంటే మొహమాటం, చెప్పకపోతే దారం కూడా చేతి సొమ్మే. కొందరు తెలివిగా నియమం పెట్టుకున్నారు... ఫాల్, మ్యాచింగ్ దారం ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి, తేదీ మాత్రం అడగకూడదు!

మిషను మీద పేరుకున్న బట్టల దొంతరని పైనుంచి చూసుకుంటూ వెళితే వరస తెలిసిపోతుంది. పైన బడి యూనిఫారం, అది రేపటికి. దాని కింద ఆయన చొక్కా, జేబు ఊడింది. ఆ తర్వాత ఆడపడుచు కూతురి గౌను, పక్కింటి చీర. అన్నిటికంటే అడుగున, నాలుగు నెలల క్రితం కత్తిరించి, మడతల్లో పిన్నులు తుప్పు పడుతున్న పట్టు జాకెట్టు ఒకటుంటుంది. అది ఆమెది. పెళ్లి ముహూర్తం దగ్గర పడ్డాకే దానికి మోక్షం. ముందురోజు రాత్రి చేతులు అతుకుతాయి. తెల్లారి ప్రయాణం. హెమ్మింగు, హుక్సులు మిగిలే ఉంటాయి. వాటిని బస్సులో, కిటికీ పక్క సీట్లో కూర్చుని కుట్టుకుంటుంది.