కళ్ళజోడుకు గీతలు పడితే బాధ్యత ఎవరిది?

నలభై ఏళ్ళు దాటినవారున్న ఇంట్లో కళ్ళజోడు లేకపోవడం అరుదు. ఉదయం బైబిలు తెరిచినా, బియ్యంలో రాళ్ళు ఏరినా, పిల్లల మార్కుల పట్టీ మీద సంతకం పెట్టినా ముందుగా చేయి కళ్ళజోడు కోసమే వెదుకుతుంది. మన శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేసేవారి సంగతి చూడండి. కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టిన గుడ్డ మీద వెదురు కలంతో సన్నని గీత గీయాలి. నల్లని కసిం ఒకసారి గుడ్డను తాకిందంటే మళ్ళీ చెరిపే వీలుండదు. అటువంటి పనివారికి అద్దం మీద పడిన చిన్న గీత ఆ రోజు కూలిని పోగొట్టగలదు. దర్జీ పని చేసేవారికి, లెక్కల పుస్తకం రాసేవారికి, రాత్రివేళ ఆటో నడిపేవారికి కూడా ఇదే బాధ.

కొత్తగా చేయించుకున్న జోడుకు నాలుగు నెలల్లోనే గీతలు పడ్డాయనుకుందాం. "సంవత్సరం వారంటీ అన్నారు కదా నాయనా" అని ఆ తల్లి షాపుకు వెళ్తుంది. "వారంటీ ఉంది మా, కానీ గీతలకు లేదు. మీరే కొంగుతో తుడిచి ఉంటారు" అని జవాబు వస్తుంది. ఆమె ఏమీ అనలేక తిరిగి వస్తుంది. ఆ గీతల వెనుక నుండే మరో రెండేళ్ళు లోకాన్ని చూస్తుంది. ఇక్కడ ఎవరి మాట న్యాయం? దీనికి ఒక్క మాటలో జవాబు లేదు గాని, జవాబు తెలుసుకునే మార్గం మాత్రం ఉంది.

గీతలన్నీ ఒకటి కావు

మన తాతల కాలంలో కంటి అద్దం అంటే నిజంగా గాజే. అది బరువు, కిందపడితే పగిలేది, కానీ సులభంగా గీతలు పడేది కాదు. ఇప్పుడు మనం వాడేవాటిలో చాలావరకు ప్లాస్టిక్ జాతివి. 1940 ప్రాంతంలో అమెరికాలో తయారైన సి.ఆర్. 39 అనే పదార్థం యుద్ధం ముగిసిన తరువాత కళ్ళజోళ్ళలోకి వచ్చింది. ఆ తరువాత పాలీకార్బొనేట్ వచ్చింది. అది దెబ్బకు పగలదు గనుక పిల్లలకు మంచిది. అయితే మెత్తనిది గనుక గీతలు త్వరగా పడతాయి. అందుకే ఈ అద్దాల మీద గట్టి పైపూత వేస్తారు. దానినే షాపువారు కోటింగ్ అంటారు. వెలుతురు మెరుపు కొట్టకుండా దాని మీద మరో పూత కూడా వేస్తారు.

ఈ పూత గీతలను తగ్గిస్తుంది గాని, బొత్తిగా ఆపలేదు. మన వీధుల్లో ఎగిరే దుమ్ములో సన్నని ఇసుక ఉంటుంది. ఇసుక ప్లాస్టిక్ కంటే ఎంతో గట్టిది. పొడి అద్దాన్ని పైటకొంగుతోనో కండువాతోనో తుడిస్తే ఆ ఇసుక రేణువులే గీతలు గీస్తాయి. ఇటువంటి గీతలు సాధారణంగా పొడుగ్గా, తుడిచిన దారిలోనే కనబడతాయి. కిందపడితే పడిన చోట లోతైన నొక్కు ఉంటుంది. ఇవి వాడకంలో వచ్చినవి.

మరో రకం ఉంది. అద్దమంతా సాలెగూడు వలె సన్నని బీటలు కనబడడం, పూత పొరలు పొరలుగా లేచిపోవడం, అంచుల వద్ద మచ్చలు రావడం. ఇవి తుడవడం వల్ల వచ్చే గీతలు కావు. పూత సరిగా పట్టకపోతే ఇలా జరుగుతుంది. అయితే ఎండలో నిలిపిన కారులో వదిలేసినా, వేడినీళ్ళతో కడిగినా ఇలాగే జరగవచ్చు. రెండు అద్దాలూ ఒకే విధంగా, కొద్ది నెలల్లోనే, ఏ ప్రమాదమూ లేకుండా పాడైతే తయారీలో లోపం ఉందని అనుమానించడానికి ఆధారం ఉన్నట్టే. గనుక "గీతలు పడ్డాయి" అని మాత్రమే చెప్పకుండా "పూత ఊడింది" లేదా "బీటలు వచ్చాయి" అని ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆ మాటతోనే వ్యవహారం మారవచ్చు.

వారంటీ చీటీని చదవండి

వారంటీ అంటే అమ్మినవారు ఇచ్చిన మాట. ఆ మాట ఎంతవరకు ఇచ్చారో కొనేటప్పుడే తెలుసుకోవాలి. ఫ్రేముకు మాత్రమేనా, అద్దానికి కూడానా? పైపూతకు ఎన్ని నెలలు? గీతలకు వర్తిస్తుందా? మార్చి ఇస్తే ఉచితంగానా, సగం ధరకా? ఎన్నిసార్లు? పాత అద్దం తిరిగి ఇవ్వాలా? ఈ ప్రశ్నలు డబ్బు కట్టక ముందు అడగండి. జవాబును బిల్లు మీదనే రాయించుకోండి. నోటిమాట నాలుగు నెలల తరువాత ఎవరికీ గుర్తుండదు.

బిల్లు సంగతి మరీ ముఖ్యం. "బిల్లు లేకుండా అయితే తక్కువకు ఇస్తాము" అనే మాటకు లోబడవద్దు. చూపును సరిచేసే కళ్ళజోళ్ళ మీద జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుండి 5 శాతానికి తగ్గింది. రెండువేల రూపాయల వస్తువుకు అది వంద రూపాయలు. ఆ వంద మిగుల్చుకోబోయి రెండువేల మీద హక్కును బలహీనపరచుకోవడం వివేకం కాదు. బిల్లు ఇవ్వకపోవడం కూడా చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతే.

చట్టం ఏమంటున్నది?

మన దేశంలో వినియోగదారుల రక్షణ చట్టం మొదట 1986లో వచ్చింది. ఆ సంవత్సరం డిసెంబరు 24న రాష్ట్రపతి ఆమోదం పొందింది గనుక ఆ తేదీని జాతీయ వినియోగదారుల దినంగా పాటిస్తున్నాము. దాని స్థానంలో 2019 చట్టం వచ్చి, 2020 జూలై 20 నుండి అమలవుతున్నది. కళ్ళజోడు విషయంలో మనకు పనికివచ్చే సంగతులు ఇవి.

మొదటిది, వస్తువు కొన్నవారే కాక, వారి సమ్మతితో వాడేవారు కూడా వినియోగదారులే. కుమారుడు డబ్బు కట్టి తల్లికి చేయించిన జోడు గురించి తల్లి కూడా అడగవచ్చు. పిల్లల తరఫున తల్లిదండ్రులు ఫిర్యాదు చేయవచ్చు. అయితే ఉచిత శిబిరంలో డబ్బు తీసుకోకుండా ఇచ్చిన అద్దాలకు ఈ చట్టం వర్తించదు.

రెండవది, తగిన పరీక్ష లేకుండా "ఇది ఇంతకాలం పాడుకాదు" అని ప్రజలకు హామీ ఇవ్వడం అనుచిత వ్యాపార పద్ధతి. పరీక్షించిన తరువాతే చెప్పామని అమ్మినవారు వాదిస్తే, దానిని రుజువు చేయవలసిన భారం వారిదే. "జీవితాంతం గీతపడదు" అని బోర్డు పెట్టినవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. నెరవేర్చే ఉద్దేశం లేకుండా "మార్చి ఇస్తాము" అని మాట ఇవ్వడం కూడా అటువంటిదే.

మూడవది, లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులో, గడువు చెప్పకపోతే 30 రోజుల్లో, వెనక్కు తీసుకొని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం కూడా తప్పే. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు కింద అచ్చువేసినంత మాత్రాన లోపమున్న వస్తువు బాధ్యత తీరిపోదు. "మీ పవర్‌కు ప్రత్యేకంగా చేసింది, ఇంకెవరికీ పనికిరాదు" అని షాపువారు అనవచ్చు. ఫ్రేము రంగు నచ్చలేదని మనం తిరిగి ఇవ్వబోతే ఆ మాట న్యాయమే. కాని లోపమున్నప్పుడు అది చెల్లదు. డాక్టరు చీటీలో ఒక పవర్, అద్దంలో మరో పవర్ ఉంటే అదీ లోపమే. లెన్సోమీటరు ఉన్న ఏ కళ్ళజోళ్ళ షాపులోనైనా కొద్ది నిమిషాల్లో దానిని తేల్చవచ్చు.

ఏమి చేయాలి?

గీతలు గాని బీటలు గాని చూసిన వెంటనే షాపుకు వెళ్ళండి. ఇంట్లో పేస్టుతో, సోడాపొడితో రుద్దవద్దు. అలా చేస్తే అద్దం మరింత చెడుతుంది, మన వాదనా చెడుతుంది. వెలుతురులో అద్దానికి ఫొటో తీయించి ఉంచండి. బిల్లు, వారంటీ కార్డు, డాక్టరు చీటీ ఒకే కవరులో పెట్టుకోండి.

మొదట మర్యాదగా మాట్లాడండి. చాలా సంగతులు అక్కడే తీరిపోతాయి. పదిమందికి మంచిపేరుతో అమ్ముకునే షాపువారు ఒక జత అద్దాల కోసం పేరు పోగొట్టుకోరు. కుదరకపోతే కొన్న తేదీ, బిల్లు నంబరు, లోపం, మీరు కోరేది రాసి ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. సంతకం పెట్టకపోతే రిజిస్టరు పోస్టులో పంపి, పదిహేను రోజులు గడువు ఇవ్వండి. ఆన్‌లైనులో కొన్నవారికి మరో సదుపాయం ఉంది. 2020 నియమాల ప్రకారం అటువంటి కంపెనీకి ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలిపి, నెలలోపు పరిష్కరించాలి.

అప్పటికీ జవాబు లేకపోతే 1915 నంబరుకు ఫోను చేయండి. అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం. తెలుగులో మాట్లాడవచ్చు. వారు కంపెనీని సంప్రదించి రాజీకి ప్రయత్నిస్తారు, తీర్పు మాత్రం చెప్పరు.

తీర్పు కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాలి. మనవారికి అది తిరుపతిలో ఉంది. పాత చట్టంలో సాధారణంగా అమ్మినవారున్న చోటనో, కొన్న చోటనో కేసు వేయవలసి వచ్చేది. చెన్నైలో కొంటే చెన్నైకే తిరగాలి. ఇప్పుడు మనం నివసించే జిల్లాలోనే వేయవచ్చు. కొన్న ధర ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు, ఎవరి కేసు వారే చెప్పుకోవచ్చు. వివాదం పుట్టిన నాటి నుండి రెండేళ్ళలోపు వేయాలి. లోపం కంటికి కనబడనిదైతే కమిషన్ అద్దాన్ని ప్రయోగశాలకు పంపవచ్చు, ఆ ఖర్చును ముందుగా మనల్ని కట్టమనవచ్చు. పరీక్ష అవసరం లేని కేసును మూడు నెలల్లో, ఉన్నదానిని ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతున్నది. లోపం రుజువైతే అద్దం మార్చమని గాని, డబ్బు తిరిగి ఇవ్వమని గాని, నష్టపరిహారం, ఖర్చులు చెల్లించమని గాని ఆదేశించే అధికారం కమిషన్‌కు ఉంది.

ఇంత చిన్న వస్తువు కోసం తిరుపతికి తిరగాలా అని కొందరు అడుగుతారు. ఆ బస్సు చార్జీలు, పోయే కూలి లెక్క చూసుకొనే నిర్ణయించుకోండి. అయితే కమిషన్ దాకా పోకముందే, హక్కు తెలిసినవారు రాసిన ఉత్తరం ఎన్నో తలుపులు తెరుస్తుంది.

మన వైపు నుండి కూడా

హక్కును అడిగేవారి మాట నిజమై ఉండాలి. మనవడు కింద పడేసిన జోడును "దానంతట అదే చెడింది" అని చెప్పి మార్పించుకోవడం కూడా దొంగ త్రాసుతో తూచడమే. త్రాసు షాపువాని చేతిలో ఉన్నా మన నాలుక మీద ఉన్నా న్యాయం ఒక్కటే. మన తప్పు ఉంటే ఒప్పుకొని, "సగం ధరకు మార్చగలరా అన్నా?" అని అడగండి. అలా అడిగితే కాదనని షాపువారు ఉన్నారు.

జోడును కాపాడుకోవడానికి పెద్ద ఖర్చేమీ లేదు. ముందు చల్లని నీళ్ళతో దుమ్ము కడగండి. అవసరమైతే ఒక చుక్క మెత్తని సబ్బునీరు వాడండి. తరువాత జోడుతో ఇచ్చిన మెత్తని గుడ్డతో ఒత్తి తుడవండి. ఆ గుడ్డను కూడా అప్పుడప్పుడు ఉతకండి. అద్దాలు కిందికి వచ్చేలా జోడును బల్ల మీద పెట్టవద్దు. వేసవిలో బండి పెట్టెలో, కారులో వదలవద్దు. తీసిన వెంటనే డబ్బాలో పెట్టండి.

ప్రియ పాఠకులారా, ఈ రోజే మీ ఇంట్లోని పెద్దల కళ్ళజోడును ఒకసారి వెలుతురుకు ఎత్తి చూడండి. వారు "బాగానే ఉంది లే" అని సర్దుకుపోతుంటారు. మసకబారిన అద్దాన్ని తమ కంటి దోషమనుకొని మౌనంగా ఉంటారు. గీతలుంటే బిల్లు ఎక్కడుందో వెదకండి, తేదీ చూడండి, గడువు మిగిలి ఉంటే వారిని వెంటబెట్టుకొని షాపుకు వెళ్ళండి. వారు అడగలేని మాటను వారి పక్షాన మర్యాదగా, నిజంగా, ధైర్యంగా మీరు అడగండి.