'అజత్': కులీనుడి నుంచి స్వతంత్రుడికి

ఆర్మీనియన్ భాషలో 'అజత్' అన్న విశేషణానికి నేటి అర్థం స్వతంత్రమైన, స్వేచ్ఛ గల అని. దాని చుట్టం 'ఆజాద్' మనకు కొత్త కాదు. చంద్రశేఖర్ ఆజాద్ పేరులోనూ, ఆజాద్ హింద్ ఫౌజ్‌లోనూ విన్నదే. అయితే ఈ మాట మొదట చెప్పింది స్వేచ్ఛను కాదు, పుట్టుకను.

దీని మూలం ప్రాచీన ఇరానియన్ 'ఆజాత'. 'ఆ' ఉపసర్గ, మిగిలినది మన సంస్కృత 'జాత'కు తోబుట్టువు. వంశంలో పుట్టినవాడు, కులీనుడు అని భావం. ('అజాతశత్రు'లోని 'అ' నిషేధార్థకం, రూపసామ్యం చూసి రెంటినీ ముడిపెట్టకూడదు.)

ఇది ఆర్మీనియన్‌కు అరువు మాట. అదే ధాతువు ఆ భాషకు సొంత ఆస్తిగానూ సంక్రమించింది: పుట్టుకను 'త్సనుంద్' అంటారు. మన 'చుక్క'లో వినిపించే దంత్య చకారం వంటిది అక్కడి ధ్వని. 'అజత్'లో ఉన్నది ఇరానియన్ ధ్వని. ఇటువంటి తేడాలను పట్టుకునే హ్యూబ్ష్‌మన్ 1875లో, ఆర్మీనియన్ ఇరానియన్‌లో భాగం కాదనీ, ఇండో-యూరోపియన్ కుటుంబంలో ప్రత్యేక శాఖ అనీ నిరూపించాడు.

ప్రాచీన ఆర్మీనియాలో 'అజత్' ఒక వర్గం పేరు. నఖరార్లనే మహాప్రభువుల కింద భూములు అనుభవిస్తూ, యుద్ధంలో గుర్రపు దళంగా నిలిచిన చిన్న కులీనులు వారు. రైతులూ సామాన్యులూ 'అనజత్'లు. మరి స్వేచ్ఛ అన్న అర్థం ఎక్కడిది? వంశంలో పుట్టినవాడు దాసుడు కాడు గనుక. 5వ శతాబ్దపు బైబిల్ అనువాదంలోనే ఈ మాట దాసుడికి వ్యతిరేకపదంగా కనిపిస్తుంది. ఇంగ్లీషు 'ఫ్రీ', మన 'ప్రియ' ఏకమూలకాలన్న సంగతీ ఇటువంటిదే: ఇంటివాడు వేరు, బానిస వేరు. కనుక పాత చరిత్ర గ్రంథాల్లోని అజత్‌లను 'స్వేచ్ఛాజీవులు' అని అనువదించేవాడు తెలియకుండానే భూస్వామ్య వ్యవస్థను పుటలోంచి తుడిచేస్తాడు. ధాతువు తెలిసినంత మాత్రాన అర్థం తెలిసినట్లు కాదు.

ఈ మాటను కింది జనం వైపు నుంచి పలికినవారిలో మికాయెల్ నల్‌బంద్యాన్ ముఖ్యుడు. 1859లో అతడు 'అజతుత్యున్' (స్వేచ్ఛ) కవిత రాశాడు. 1862లో వ్యవసాయంపై ఒక గ్రంథం రాసి, భూమి రైతుకు దక్కాలని వాదించాడు. కలకత్తా దాకా వచ్చి వెళ్ళిన ఈ కవిని జారు ప్రభుత్వం ఆ ఏడే నిర్బంధించింది. 1866లో ప్రవాసంలోనే మరణించాడు. అతని మరో కవిత ఆధారంగా ఆర్మీనియా 1991లో జాతీయగీతాన్ని స్వీకరించింది. మాతృభూమి దైన్యాన్ని చెప్పడానికి అతడు వాడిన విశేషణాలు అందులో లేవు. వాటి చోట 'అజత్' ఉంది.