రిపోర్టులో ఎర్రగా ఉన్నవన్నీ తినడం మానేయాలా?

మా ఖాలాకు రెండేళ్లుగా కడుపు ఉబ్బరం, తరచూ విరేచనాలు. ఎవరో చెప్తే 'ఫుడ్ సెన్సిటివిటీ టెస్ట్' చేయించింది. రిపోర్టులో గోధుమలు, పాలు, గుడ్డు, శనగపప్పు ఎర్ర రంగులో వచ్చాయి. ఆ రోజు నుంచి రోటీ, పెరుగు, గుడ్డు అన్నీ బంద్. మూడు నెలల్లో మనిషి చిక్కిపోయింది, ఉబ్బరం మాత్రం పోలేదు. ఈద్ నాడు అందరికీ షీర్ ఖుర్మా పోసి ఇచ్చి, తను ఒక్క చెంచా కూడా తినలేదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి రిపోర్టు ఉంటే, ఏదైనా మానేసే ముందు అందులో ఏముందో తెలుసుకోండి.

ఐజీజీ అంటే ఏంటి?

ఈ టెస్టుల్లో చాలావరకు రక్తంలోని ఐజీజీ అనే యాంటీబాడీలను కొలుస్తాయి. మనం తినే ఆహారానికి ఒంట్లో ఇవి తయారవడం మామూలే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ ఉంటాయి. నేను చదివింది కామర్స్. నాకు అర్థమైంది ఇలా: లెడ్జర్‌లో ఎంట్రీ ఉందంటే లావాదేవీ జరిగిందని, నష్టం వచ్చిందని కాదు. రోజూ రోటీ తినేవాళ్ల రిపోర్టులో గోధుమ కనిపించడం వింతేం కాదు.

అందుకే ఆహారం పడటం లేదని తేల్చడానికి ఐజీజీ4 టెస్ట్ వాడొద్దని యూరప్ అలర్జీ నిపుణుల సంస్థ 2008లోనే చెప్పింది. 2012లో కెనడా నిపుణుల సంఘం కూడా ఐజీజీ టెస్టులు వద్దంది.

అలర్జీ వేరే సంగతి. అందులో ముఖ్యమైనది ఐజీఈ. సాధారణంగా తిన్న నిమిషాల నుంచి రెండు గంటల్లోపు దద్దుర్లు, పెదాల వాపు వస్తాయి. ఊపిరి ఆడకపోతే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

మరి ఏ టెస్టులు పనికొస్తాయి?

గోధుమలపై అనుమానం ఉంటే సీలియాక్ జబ్బు కోసం టీటీజీ-ఐజీఏ అనే రక్తపరీక్ష చేస్తారు. పొరపాటు జరిగేది ఇక్కడే. గోధుమలు మానేశాక ఈ టెస్ట్ చేయిస్తే, జబ్బు ఉన్నా నెగటివ్ రావచ్చు. టెస్టుకు ముందు కనీసం 6 వారాలు, రోజుకు ఒక పూట కంటే ఎక్కువే గోధుమలు తింటూ ఉండాలి. మా ఖాలాకు డాక్టర్ మొదట చెప్పింది కూడా అదే: "ముందు రోటీ మళ్లీ మొదలుపెట్టండమ్మా."

పాలలోని లాక్టోజ్ అరగడం లేదేమో చూడడానికి హైడ్రోజన్ బ్రీత్ టెస్ట్ ఉంది. అది పాజిటివ్ వచ్చినా, చాలామందికి పెరుగు, కొద్దిపాటి పాలు ఇబ్బంది చేయవు. పేగుల్లో వాపు ఉందేమో తెలుసుకోవడానికి మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష చేస్తారు.

ఐబీఎస్ అని తేలితే ఫాడ్‌మ్యాప్ పద్ధతి ఉంది. ఆస్ట్రేలియాలోని మోనాష్ యూనివర్సిటీ దీన్ని తయారుచేసింది. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పాలు లాంటివి 2 నుంచి 6 వారాలు ఆపి, తర్వాత ఒక్కొక్కటిగా తిని చూస్తారు. ఇది డైటీషియన్ సలహాతోనే చేయాలి. ఏళ్ల తరబడి మానేయడానికి కాదు.

ఇవి గుర్తుంచుకోండి

మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, రాత్రి నిద్రలేపే విరేచనాలు ఉంటే ఇంట్లో పథ్యాలతో సరిపెట్టుకోవద్దు, డాక్టర్‌ను కలవండి. క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవాళ్లు ఏ రిపోర్టు చూసి కూడా మందులు ఆపొద్దు. పిల్లలకు, గర్భిణులకు సొంతంగా పాలు, గుడ్డు, పప్పు మాన్పించొద్దు.

రిపోర్టుతో పాటు రెండు వారాల లెక్క కూడా తీసుకెళ్లండి. ఏం తిన్నారు, ఎన్ని గంటలకు, తర్వాత ఏమైంది అన్నది రాసుకుంటే డాక్టర్‌కు ఎంతో పనికొస్తుంది.

మా ఖాలాకు సీలియాక్ లేదని తేలింది. పడనిది ఎక్కువ పాలు మాత్రమే. ఇప్పుడు రోటీ, పెరుగు, గుడ్డు అన్నీ తింటోంది. మొన్నటి ఈద్‌కి చిన్న కప్పు షీర్ ఖుర్మా కూడా తాగింది.