లక్ష్యము, లక్షణము: ఐరోపా వాస్తుచరిత్రమునం దొక విచారము

లక్షణము లక్ష్యము ననుసరించు ననుట శాబ్దికులకుఁ గొత్త గాదు. ప్రయోగములు ముందు పుట్టును; వానిని బరిశీలించి సూత్రములు పిమ్మటఁ జేయుదురు. ఈ న్యాయము వాస్తువిద్యకు నెంతవఱకుఁ జెల్లునో తెలిసికొనుటకుఁ బునరుజ్జీవనకాలము మొదలుకొని జరిగిన యైరోపా వాస్తుచరిత్రము చక్కని నికషము.

ఇటలీదేశమందలి ఫ్లారెన్సు నగరమున సాంతా మరియా దెల్ ఫియోరె యను ప్రధానదేవాలయముయొక్క నిర్మాణము 1296లో నారంభమయ్యెను. నూఱేండ్లు గడచిన పిదపను దాని నడిమిభాగముపైఁ గప్పు లేకుండెను. అష్టకోణమగు నా చోటి వెడల్పు సుమారు 145 అడుగులు. గుమ్మటములు గట్టువారు కొయ్యతో నాధారము నిలిపి, దానిపై నిటుకలు పేర్చి, సున్నము గట్టిపడిన పిమ్మట నా కొయ్యను దొలఁగించుట వాడుక. ఇంత వెడల్పునకుఁ దగిన కలపను సమకూర్చుటయు, నంత యెత్తున నిలుపుటయు దుర్ఘటములు. 1418లో నిర్మాణాధికారులు తగిన యుపాయమును జూపువారికిఁ బారితోషికము ప్రకటించిరి. స్వర్ణకారుఁడుగా శిక్షితుఁడైన ఫిలిప్పో బ్రూనెల్లెస్కి యట్టి యాధారము లేకయే కట్టవచ్చునని వాదించెను. 1420లో మొదలైన పని 1436లో శిఖరపీఠమువఱకు ముగిసెను.

ఆ గుమ్మటము రెండు పొరలు గలది. లోపలిది మందము, వెలుపలిది పలుచన. నడుమ నెక్కిపోవుటకు మెట్లు గలవు. బరువుచే గోడలు వెలుపలికి విచ్చిపోకుండఁ బీపాకు బిగించిన పట్టీలవలె శిలావలయములును, నొక దారువలయమును లోపలఁ గూర్పఁబడినవి. పరచిన యిటుకల నడుమ నచ్చటచ్చటఁ గొన్నిటిని నిలువుగా నిలుపుచు వరుసలు నడపుటచేత, సున్నము తడి యాఱకమున్నే యిటుకలు జాఱుట తప్పినది. ఒక్కొక్క వరుస చుట్టు ముగిసినంతనే తన్నుఁ దాన నిలుపుకొనుచు వచ్చెను.

ఇట్టి విధానమును బోధించు గ్రంథము నాఁటికి లేదు. క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దమున విట్రూవియసు లాటినుభాషలో రచించిన వాస్తుగ్రంథమునందు నీ యుపాయము గానరాదు. పునరుజ్జీవనకాలపు లక్షణకర్తలు పిమ్మట వచ్చిరి. ఆల్బెర్టి రచించిన వాస్తుగ్రంథము 1485లో ముద్రితమయ్యెను. విన్యోలా 1562లోఁ బంచవిధస్తంభములకుఁ గొలఁతలు నిర్ణయించెను. పల్లాడియో 1570లోఁ బ్రాచీనుల కట్టడములను, దన కట్టడములను బటములతో వివరించెను. వీ రున్న కట్టడములను గొలిచి సూత్రములు చేసినవారే.

కాలక్రమమున సూత్రమే ప్రభువయ్యెను. 1671లోఁ బారిసునందు రాజాశ్రయమున స్థాపితమైన వాస్తువిద్యాపరిషత్తు ప్రాచీనుల కొలఁతలను జర్చించి ప్రమాణములు నిర్ణయింపఁ బూనెను. అట్టి ప్రమాణములతోఁ జూచినచో, మైకెలాంజెలో ఫ్లారెన్సున రచించిన లారెన్షియను గ్రంథాలయపు ముఖశాల యపశబ్దభరిత మనవలయును. అందు స్తంభములు గోడ గూళ్లలో నిమిడియున్నవి. వాని క్రిందుగా నిలిపిన శిలలు దేనిని మోయునో చూపఱకుఁ దోఁపదు. అయినను, నాతని సమకాలికుఁడగు వసారి యా స్వాతంత్ర్యమునే కొనియాడెను. 1851లో లండనునందుఁ దోఁటపనిలోఁ బెరిగిన పాక్‌స్టను ఇనుమును గాజును గూర్చి స్ఫటికసౌధమును నిర్మించినపుడు, పూర్వుల స్తంభలక్షణము దాని కన్వయింపలేదు. ఆ సౌధము 1936లో దగ్ధమయ్యెను గాని, యినుపగాజుల కట్టడపురీతి నిలిచి వ్యాపించినది.

ఇంతమాత్రమున లక్షణము వ్యర్థమనరాదు. బ్రూనెల్లెస్కి 1446లో మరణించునాఁటికి గుమ్మటముపై నమరవలసిన శిఖరము పూర్తికాలేదు. అతఁడు చేయించిన కొయ్యనమూనా యుండుటచేఁ దరువాతివారు 1461లో దానిని బూర్తిచేయఁగలిగిరి. గుమ్మటముమాట వేఱు. పని మొదలుపెట్టునాఁటి పత్రములు కొలఁతలను దెలుపుచున్నవి గాని, యెనిమిది ముఖములందును వంపు తప్పకుండ నిటుకల వరుసల నెట్లు నడపెనో యతఁడు వ్రాసియుంచలేదు. అందుచే నా విషయమున విద్వాంసుల వాదములు తెగకున్నవి. లక్ష్యము కన్నులయెదుటనే యున్నది; దానిని సాధించిన ప్రక్రియ మాత్రము కర్తతోడనే పోయినది. సూత్రకారుఁడు ప్రయోక్త నాజ్ఞాపింపఁదగినవాఁడు గాఁడు. ప్రయోక్త యెఱిఁగినదానిని బిమ్మటివారికిఁ జేర్చుటయే యాతని పని.