90 డిగ్రీల ఎండలో ఫొటో

ఇది వేడి లెక్క కాదు, ఎత్తు లెక్క. ఏటా మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం 12 దాటిన ఓ పావుగంటకు హైదరాబాద్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన, 90 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. నిలబెట్టిన కర్రకు నీడే ఉండదు. ఆ వేళ మనిషిని ఫొటో తీస్తే కళ్లు నల్లటి గుంటలవుతాయి, ముక్కు నీడ పెదవి మీద మీసంలా పడుతుంది. అదే డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీలే ఎక్కుతాడు. ఆరడుగుల మనిషికి ఐదడుగుల నీడ పడుతుంది, కళ్లలోకి వెలుగు చేరుతుంది. మధ్యాహ్నం కెమెరా బయటికి తీయొద్దన్న సలహా మనకు వేసవిలో చెల్లినంతగా చలికాలంలో చెల్లదు.

‘గోల్డెన్ అవర్’ మాటా అంతే. సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీల లోపు ఉండే సమయమది. లండన్‌లో సూర్యుడు ఏటవాలుగా దిగుతాడు కాబట్టి మార్చిలో అది 40 నిమిషాల దాకా సాగుతుంది. మన దగ్గర దాదాపు నిటారుగా దిగుతాడు, 25 నిమిషాల్లో అంతా అయిపోతుంది. గంట ఉంది కదా అని పెళ్లికూతురి మేకప్ ఆలస్యం చేస్తే మిగిలేది చీకటే.

ఇక వెలుగు ఎంత? నడి ఎండలో సుమారు లక్ష లక్స్. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద 100 నుంచి 300. ఈ తేడాను కన్ను సర్దుకుంటుంది, సెన్సర్‌కు మనమే చెప్పాలి. ఫిల్ము రోజుల సూత్రం ఇప్పటికీ పనిచేస్తుంది: నిండు ఎండలో ఎపర్చర్ ఎఫ్/16 పెట్టి, ఐఎస్‌ఓ ఎంతో షట్టర్ సెకనులో అన్నో వంతు. ఐఎస్‌ఓ 100 అయితే సెకనులో 1/100 లేదా 1/125. పల్చటి మబ్బుకు ఎఫ్/11, మూసుకున్న ఆకాశానికి ఎఫ్/8, చెట్టునీడకు ఎఫ్/4. కోడాక్ తన ఫిల్ము పెట్టెల్లో ఇలాంటి పట్టికే ఇచ్చేది.

వెనకంతా మసకగా రావాలని ఎఫ్/2.8కి తెరిస్తే ఐదు స్టాపులు, అంటే 32 రెట్లు వెలుగు. షట్టర్ 1/4000కి వెళ్లాలి. చాలా కెమెరాలకు హద్దు అదే. ఎఫ్/1.4 కావాలంటే వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ తప్పదు.

అసలు పరీక్ష పెళ్లిలో కట్టే, ఎర్ర అంచున్న తెల్ల మధుపర్కాలతో. కెమెరా మీటర్ తన ముందున్నదంతా 18 శాతం వెలుగును తిప్పికొట్టే బూడిద రంగే అనుకుంటుంది. తెల్ల నూలు బట్ట 80 శాతం దాకా తిప్పికొడుతుంది. ఫ్రేమంతా బట్టే నిండితే మీటర్ దాన్ని బూడిద రంగుకు దించేస్తుంది, ఒకటిన్నర నుంచి రెండు స్టాపులు పెంచాలి. గేదెల మందను తీసేటప్పుడు ఇదే తిరగబడుతుంది. కానీ పందిరి నీడలో ముఖాలు, ఎండ పడ్డ పంచె ఒకే ఫ్రేములో ఉంటే మీటర్ ముఖాల వైపు మొగ్గుతుంది. పంచె మడతలు తెల్ల కాగితంలా కాలిపోతాయి, రా ఫైలైనా వాటిని పూర్తిగా తిరిగివ్వలేదు. నీడను తర్వాత లేపుకోవచ్చు. అందుకే 2/3 స్టాపు తగ్గించి, ఓ థర్మోకోల్ షీటుతో ముఖాల మీదికి వెలుగు తిప్పడం మేలు. హిస్టోగ్రామ్‌లో ఎరుపు గీతను విడిగా చూడండి: తెలుపు ఇంకా బాగానే ఉందనిపించినప్పటికీ, ఎర్ర అంచు ఒక్కోసారి ముందే చెడిపోతుంది.