‘గ్యాస్ అయిపోయింది’: కారు ఆటోమేటిక్ ఏసీ లోపనిర్ధారణ – తార్కిక పరిశీలన

వ్యాస సంగ్రహం:
కారులోని ఆటోమేటిక్ ఏసీ చెడినప్పుడు దాని లోపాన్ని నిర్ధారించే క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. లక్షణం నుంచి కారణాన్ని ఊహించడంలో జరిగే పొరపాట్లను భారతీయ తర్కశాస్త్ర పరిభాష సహాయంతో పరిశీలిస్తుంది. వాడుకలోని ఒక్క క్రియాపదం నిర్ధారణను ఎట్లా తప్పుదోవ పట్టిస్తుందో చూపుతుంది.

కీలక పదాలు: ఆటోమేటిక్ ఏసీ, సెన్సార్, లోపనిర్ధారణ, హేత్వాభాసం, వృత్తి పదజాలం.

1. ప్రవేశిక:
“ఏసీ పనిచేయడం లేదు”, “గ్యాస్ అయిపోయింది”. ఎండాకాలంలో మెకానిక్ షెడ్లలో తరచుగా వినిపించే వాక్యాలివి. మొదటిది వాహనదారుని ఫిర్యాదు, రెండవది మెకానిక్ తీర్పు. ఈ రెండింటి నడుమ జరగవలసిన పరీక్ష చాలా సందర్భాలలో జరగదు.

రెండవ వాక్యంలోని ‘అయిపోవు’ అనే క్రియ గమనింపదగినది. పెట్రోలు వాడకం వల్ల అయిపోతుంది. ఏసీలోని శీతలకం, అంటే వాడుకలో ‘గ్యాస్’, అట్లా ఖర్చయ్యే పదార్థం కాదు. అది మూసిన వలయంలో ద్రవంగా, వాయువుగా మారుతూ తిరుగుతూనే ఉంటుంది. ఏళ్ల తరబడి రబ్బరు గొట్టాల గుండా స్వల్పంగా ఇగిరిపోవడాన్ని మినహాయిస్తే, అది తగ్గిందంటే ఎక్కడో కారుతున్నదనే అర్థం. ‘అయిపోయింది’ అన్న మాట ‘కారిపోయింది’ అన్న విషయాన్ని మరుగుపరుస్తుంది. అయిపోయినదాన్ని నింపితే చాలు; కారిపోయినదానికి మాత్రం రంధ్రాన్ని వెతకాలి.

2. వ్యవస్థ స్వరూపం:
1964 నాటి కాడిలాక్ కార్లలో ‘కంఫర్ట్ కంట్రోల్’ పేరుతో ఆటోమేటిక్ శీతోష్ణ నియంత్రణ ప్రవేశించింది. సాధారణ ఏసీలో చల్లదనాన్నీ గాలి వేగాన్నీ నడిపేవారే నిర్ణయిస్తారు. ఆటోమేటిక్ ఏసీలో వారు కోరిన ఉష్ణోగ్రతను మాత్రమే తెలుపుతారు. మిగిలిన పని మూడు అంచెలలో సాగుతుంది.

మొదటిది గ్రహణం. కారు లోపలి వేడిని ఒక సెన్సార్, బయటి వేడిని మరొకటి, ఎండ తీవ్రతను డ్యాష్‌బోర్డు మీది ఇంకొకటి, ఇవాపరేటర్ చల్లదనాన్ని వేరొకటి గ్రహిస్తాయి. రెండవది నిర్ణయం. ఇది కంట్రోల్ యూనిట్ పని. మూడవది ఆచరణ. కంప్రెసర్ శీతలకాన్ని నడిపిస్తుంది, బ్లోవర్ గాలిని తోస్తుంది, చిన్న మోటార్లతో కదిలే ఫ్లాపులు చల్లగాలిని, వేడిగాలిని తగిన పాళ్లలో కలుపుతాయి. లోపం ఏ అంచెలో ఉన్నా కూర్చున్నవారికి అందే అనుభవం ఒక్కటే: చల్లగా లేదు.

3. హేతువు – హేత్వాభాసం:
పొగను చూసి నిప్పును ఊహించడం సరైన అనుమానం. నిప్పు లేనిచోట పొగ ఉండదన్న వ్యాప్తి దానికి ఆధారం. “చల్లగాలి రావడం లేదు, కనుక గ్యాస్ లేదు” అన్న అనుమానానికి అటువంటి వ్యాప్తి లేదు. గ్యాస్ నిండుగా ఉన్నా ఫ్లాపు వేడివైపు బిగుసుకుపోతే వేడిగాలే వస్తుంది. సాధ్యం లేనిచోట కూడా కనిపించే ఇట్టి హేతువును తార్కికులు ‘సవ్యభిచారం’ అన్నారు.

సెన్సార్ లోపాలు ఇంతకన్నా విచిత్రమైనవి. ఈ వ్యవస్థలలో సాధారణంగా వాడే ఉష్ణ సెన్సార్లలో వేడి పెరిగేకొద్దీ విద్యుత్ నిరోధం తగ్గుతుంది. తీగ తెగితే నిరోధం అపారమవుతుంది. యంత్రం దానిని గడ్డకట్టే చలిగా అర్థం చేసుకోవచ్చు. అప్పుడు రెంటచింతల ఎండలో నిలిచిన కారు కూడా తాను మైనస్ 40 డిగ్రీలలో ఉన్నానని భావించి కంప్రెసర్‌ను నడపదు. ఇక్కడ శీతల యంత్రం ఆరోగ్యంగానే ఉంది. దానికి అందిన సమాచారమే అబద్ధం.

4. పరీక్షా క్రమం:
అన్వయ వ్యతిరేకాలను అనుసరించి ఒక్కొక్క కారణాన్ని తొలగించుకుంటూ పోవడమే సరైన పద్ధతి.

(అ) బయటి ఉష్ణోగ్రత: తెరమీది అంకె నమ్మదగినదో కాదో ముందు చూడాలి. అది అసంభవంగా ఉంటే ఆ సెన్సార్‌నూ దాని తీగలనూ పరీక్షించాలి.

(ఆ) కనిష్ఠ స్థానం: ఉష్ణోగ్రతను అతి తక్కువకు తిప్పాలి. చాలా కార్లలో ఈ స్థితిలో లోపలి సెన్సార్, ఎండ సెన్సార్‌ల ప్రమేయం లేకుండా పూర్తి చల్లదనం వస్తుంది. ఇక్కడ బాగా చల్లబడి, 24 డిగ్రీల వద్ద మాత్రం తడబడితే లోపం గ్రహణంలోనో నిర్ణయంలోనో ఉండే అవకాశం ఎక్కువ. ఇక్కడా చల్లబడకుంటే ఆచరణ అంచెను చూడాలి.

(ఇ) ఎండ సెన్సార్: డ్యాష్‌బోర్డు మీది దేవుని ప్రతిమ గానీ, పరచిన గుడ్డ గానీ దానిని కప్పితే యంత్రం ఎండను తక్కువగా అంచనా వేస్తుంది. లోపలి సెన్సార్‌కు గాలి అందించే సన్నని రంధ్రాలు దుమ్ముతో పూడినా కొలత తప్పుతుంది.

(ఈ) గాలి, శబ్దం: గాలి బలహీనంగా ఉంటే క్యాబిన్ ఫిల్టర్‌ను చూడాలి. డ్యాష్‌బోర్డు వెనుక టకటకమని చప్పుడు వస్తూ, ఒకవైపు చల్లగా మరొకవైపు వెచ్చగా ఉంటే ఫ్లాపు మోటారును అనుమానించాలి. రహదారిపై చల్లబడి, సిగ్నల్ వద్ద వేడెక్కితే కండెన్సర్ ఫ్యాను వైపు చూడాలి.

(ఉ) స్కానర్: ఏసీ లోపాల సంకేతాలను చాలావరకు ఇంజిన్‌కే పరిమితమైన చౌక పరికరాలు చదవలేవు. చదివిన సంకేతమైనా ఒక విద్యుత్ వలయాన్ని సూచిస్తుందే తప్ప, ఆ భాగమే చెడిందని చెప్పదు. ఎలుక కొరికిన తీగ కూడా అదే సంకేతాన్ని ఇస్తుంది.

(ఊ) శీతలకం: పీడనాలు కొలిచి, లోటు తేలితే ముందు కారే చోటును కనుగొని సరిచేయాలి. తరువాత వలయంలోని గాలినీ తేమనూ వాక్యూమ్ పంపుతో తొలగించి, నిర్దేశించిన బరువు మేరకే నింపాలి. అధికంగా నింపినా చల్లదనం తగ్గుతుంది. ఈ పనికి తగిన పరికరాలు, శిక్షణ అవసరం.

5. ఉపసంహారం:
కారణం వెతకకుండా ఏటేటా గ్యాస్ నింపించుకోవడంలో నష్టపోయేది వాహనదారుడు మాత్రమే కాదు. అనేక కార్లలో వాడుతూ వచ్చిన ఆర్-134ఎ అనే శీతలకం ఒక కిలో గాలిలో కలిస్తే, నూరేళ్ల లెక్కన సుమారు 1430 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన తాపప్రభావం చూపుతుంది.

భాషాపరంగా కూడా ఇందులో చేయవలసిన పని ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ పదాల సంపుటితో మాండలిక వృత్తి పదకోశాల కృషి మొదలైంది. మెకానిక్ షెడ్డు పదజాలమూ అటువంటి సేకరణకు అర్హమైనదే. అయితే ఫ్లాపుకూ కంప్రెసర్‌కూ కొత్త తెలుగు పేర్లు కల్పించడం కన్నా, ‘అయిపోయింది’, ‘కారిపోయింది’, ‘అడ్డుపడింది’, ‘తెగింది’ అన్న క్రియల మధ్య భేదాన్ని నిలుపుకోవడం ముఖ్యం. నామవాచకాలు ఏ భాషవైనా, నిర్ధారణను మోసేవి ఈ తెలుగు క్రియలే.